అక్షరాలు చెరిగిన కీబోర్డు

దమయంతి మేడమ్‌కు ఒక అలవాటుంది. శిష్యురాళ్లు పని గురించి ఏదైనా అడిగితే కూర్చునే చెబుతారు. మనుషుల గురించి అడిగితే మాత్రం కుర్చీలోంచి లేచి, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఒంగోలులో, మేడ మీది ఆ చిన్న షాపులో, పాత లాప్‌టాప్‌ల రిపేరు నేర్చుకున్న ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. రెక్సిన్ ఊడి దూది బయటపడ్డ ఆ కుర్చీ కిర్రుమంటే, అడిగినవాళ్ల గుండె జల్లుమనేది.

మాళవిక గుండె అంత తేలిగ్గా జల్లుమనేది కాదు. ఆ ఉదయం మేడమ్ ఎదుట నిలబడి, కోమలి వింటుండగానే అడిగేసింది.

"చీరాలలో తెరిచే కొత్త షాపు కోమలికి అప్పగిస్తున్నారట. దానికన్నా ముందొచ్చాను నేను. దానికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిందీ నేనే. నాలో ఏం తక్కువో చెప్పండి మేడమ్, ఒప్పుకుంటాను. చెప్పలేకపోతే మీరు ఒప్పుకోండి."

కుర్చీ కిర్రుమంది.

మేడమ్ బీరువా తెరిచి రెండు కీబోర్డులు తీశారు. ఆ రోజు రిపేరుకు వచ్చిన రెండు లాప్‌టాప్‌లు ఇద్దరి బల్లల మీదా చెరొకటి ఉన్నాయి. ఒకే కంపెనీ, మూత మీద ఒకే పేరు, కవల పిల్లల్లా ఉన్నాయి. రెండింటికీ మీటలు పనిచేయడం లేదు. కోమలి బల్ల మీద మేడమ్ కవరు కూడా విప్పని కొత్త కీబోర్డు పెట్టారు. మాళవిక బల్ల మీద పెట్టింది ఏదో పాత మిషన్‌లోంచి ఊడదీసినది. వాడి వాడి దాని మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి.

"సాయంత్రానికి రెండూ అయిపోవాలి" అని మాత్రం అన్నారు.

అసూయకు కళ్లుండవంటారు. అది అబద్ధం. శుభ్రంగా ఉంటాయి, కాకపోతే ఎప్పుడూ పక్కవాళ్ల బల్ల మీదే ఉంటాయి. షాపు దానికే, ఆఖరికి కీబోర్డూ దానికేనా! కోమలి టీ చెప్పడానికి కిందికి దిగగానే మాళవిక కొత్తది తన బల్ల మీదికి లాక్కుని, చెరిగినదాన్ని అవతలి బల్ల మీదికి తోసేసింది. మేడమ్ చూశారు.

కొత్త కీబోర్డును మిషన్ మీద ఆనించి చూసింది. అంచులు కుదిరాయి. స్క్రూ రంధ్రాలు కలిశాయి. "ఎంత చక్కగా పట్టిందో!" అని మేడమ్‌కు వినబడేలా అంది. ఇక మిగిలింది దాని అడుగునున్న రిబ్బన్‌ను, అంటే ఆ పలచని తీగల పట్టీని, లోపలి బోర్డుకు తగిలించడమే. ఆ రిబ్బన్ ఎడమ పక్క నుంచి వస్తోంది. బోర్డు మీద దాన్ని దూర్చే చోటు కుడి పక్కనుంది. మిషన్‌ను ఒక్కసారి బోర్లించి కింది లేబుల్ చదివి ఉంటే, పేరు ఒకటే అయినా కవలలు ఒక ఏడాదివి కావని తెలిసేది. మాళవిక చదవలేదు. కాస్త లాగితే అందుతుందనుకుంది. లాగింది.

రిబ్బన్ చిరిగింది.

కోమలి టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చి, రెండు బల్లలూ చూసి, గ్లాసులు మెల్లగా కింద పెట్టింది.

"నా మీద కోపమైతే నన్ను లాగక్కా, దాన్నెందుకు లాగావ్? నా బల్ల మీది లాప్‌టాప్ ఇచ్చిన పిల్ల దానికోసం సాయంత్రం వస్తుంది. రేపు కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వాలట. ఏం చెప్పను?"

మాళవిక మేడమ్ వైపు తిరిగింది. ఓడిపోతున్నప్పుడే ఆమె గొంతు పెరుగుతుంది. "దానికి కొత్తది, నాకు పాతది! కావాలనే పెట్టారు. నన్ను పరీక్షించడానికైతే, ఇది అన్యాయమైన పరీక్ష మేడమ్."

"పరీక్షా? రెండు మిషన్లు, రెండు కీబోర్డులు. నేనిచ్చింది పనేనమ్మా."

ఆవిడ చెరిగిన కీబోర్డును తెచ్చి తిప్పి చూపించారు. దాని రిబ్బన్ కుడి పక్కనుంది. మాళవిక మిషన్‌లో పెడితే లాగే పనే లేకుండా వెళ్లి కూర్చుంది. మీటలు నొక్కుతుంటే చెరిగిపోయిన అక్షరాలు కూడా తెర మీద నిండుగా వచ్చాయి.

మాళవిక రిబ్బన్ చిరిగిన కీబోర్డును తీసి పక్కన పెట్టింది. తర్వాత బ్యాగులోంచి తన సొంత లాప్‌టాప్ తీసి కోమలి బల్ల మీద పెట్టింది. "ఆ పిల్లకు నేనే చెబుతాను. కొత్త కీబోర్డు వచ్చేదాకా ఇది వాడుకోమంటాను."

కోమలి టీ గ్లాసు ఆమె చేతికిచ్చింది. అప్పటికీ మాళవిక అసూయ పూర్తిగా చల్లారలేదు. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"చీరాల దానికే ఇవ్వండి మేడమ్. మరి నేను?"

మేడమ్ తిరిగి కూర్చోలేదు. రెక్సిన్ ఊడిన తన కుర్చీని మాళవిక వైపు తిప్పి, దాని చేతి మీద అరచెయ్యి ఆనించి, బయటికొచ్చిన దూదిని వేలితో లోపలికి నెట్టారు.

"ఇది కూడా పాతదే కదమ్మా."