కోట గుమ్మం దాటించిన ఇనుప బిళ్ళ

పూర్వం కోట గుమ్మం దాటాలంటే చూపించాల్సిన ఇనుప బిళ్ళలు రెండు జమీందారు రంగపతిరాజుకు దొరికాయి. ఆయన పాతవస్తువుల పెట్టెలో ఒక్క గూడే ఖాళీగా ఉంది. ఏది ఉంచాలో చెప్పమని కమ్మరి మల్లాచారిని పిలిపించాడు. సంగతి తేలేదాకా అతన్ని బయటికి వదలొద్దని గుమ్మం కాపలావాడితో చెప్పాడు.

మూడు రోజులైంది. తొలకరి పడింది. ఊరి నాగళ్ల కర్రులన్నీ మొద్దుబారి కొలిమి దగ్గరే పడి ఉన్నాయి. పనివాణ్ణి పనికి దూరం చేయడం తప్పని రాజుగారికి ఎవరూ చెప్పలేదు. మల్లాచారి ఇది బాగుందంటే, "మరి అదేం పాపం చేసిందయ్యా?" అంటాడాయన. అది బాగుందంటే ఇది చేతికిస్తాడు. మల్లాచారికి విసుగెత్తిపోయింది.

"దొరా, బిళ్ళకు పని గుమ్మం దగ్గర. అక్కడే పరీక్షిద్దాం," అని ఒకటి తీసుకుని నడిచాడు. కాపలావాడు బల్లెం అడ్డుపెట్టాడు.

మేడ మీంచి చూస్తున్న రాజుగారికి ఒళ్లు మండింది. "బిళ్ళ చూపించినా ఆపుతావేంట్రా? నా బిళ్ళకు ఆమాత్రం మర్యాద లేదా? వదులు."

మల్లాచారి గుమ్మం దాటి తిన్నగా కొలిమికి పోయాడు. సాయంత్రం తనను తీసుకుపోవడానికి వచ్చిన భటుడికి ఆ బిళ్ళే చూపించాడు.

"ఇది చూపినవాణ్ణి ఆపకూడదని దొరవారే అన్నారు నాయనా. ఆఖరి కర్రు సాగగొట్టాక నేనే తెచ్చి ఇస్తాను. అందాకా ఆయన దగ్గర ఒక్కటే ఉంటుంది, ఎంచుకునే బాధ తప్పిందని చెప్పు."