జంబయ్య పోసిన నీళ్లు

మద్దికొండ కింద, వాగు మలుపులో, జంతువులన్నీ చేరి కట్టుకున్న వాడ ఒకటుంది. అక్కడ మర్యాదంతా గడ్డిలోనే. ఎవరింటి ముందు పచ్చిక కళకళలాడితే వాళ్లకే పెద్దపీట. బొరియలో పిల్లలతో కాపురముండే కుందేలు చిట్టెమ్మకు ఈ పిచ్చి మరీ ఎక్కువ. కడుపు నింపుకోవడానికి కొండెక్కి మేసి వచ్చేది గానీ, ఇంటి ముందు గరిక మీద పంటి గాటు పడనిచ్చేది కాదు. గడ్డి తినే జాతిలో పుట్టి గడ్డికి కాపలా కాయడమేమిటో ఆమెకే తెలియాలి!

ఆ ఏడు ఎండలు ముదిరాయి. పచ్చిక అంచులు ఎర్రబడేసరికి చిట్టెమ్మకు మేత సయించలేదు. సరిగ్గా అప్పుడే నక్క జంబయ్య, అడుగున చిల్లులు పొడిచిన సొరకాయ బుర్ర పట్టుకుని దిగబడ్డాడు.

“నీ పచ్చిక ఇలా ఎండుతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది చెల్లెమ్మా. రోజూ వచ్చి ఇంత జల్లు కొట్టి పోతాను.”

“ఊరికేనా అన్నయ్యా?”

“చెల్లెలి దగ్గర తీసుకుంటానా? ఎంతమాట!”

ఊరకే రారు మహానుభావులు అని చిట్టెమ్మకు తెలియక కాదు. కానీ ఎదురింటి ముంగిస పచ్చిక అప్పటికే తనదానికన్నా పచ్చగా ఉంది మరి. సరేనంది.

రోజూ మధ్యాహ్నం జంబయ్య రావడం, పైపైన నీళ్లు చల్లిపోవడం. గడ్డి పచ్చబడింది. వచ్చేపోయేవాళ్లు చూశారో లేదో అని చిట్టెమ్మ గుమ్మంలోనే కాపురం పెట్టింది.

ఒక ఉదయం ఎద్దు ముత్తయ్య అటుగా వచ్చాడు. “ఒక్క కబళం రుచి చూడనా అమ్మాయీ?”

పెద్దవాడు నోరు తెరిచి అడిగాడు. “ఒక్కటే మావయ్యా, అదీ ఆ మూల,” అంది చిట్టెమ్మ ప్రాణం బిగబట్టుకుని.

ముత్తయ్య అలా పట్టి లాగాడో లేదో, గడ్డి చాప లేచినట్టు లేచొచ్చింది.

“ఇదేం గడ్డమ్మాయ్! వేరు వేలెడు కూడా దిగలేదు. రోజూ ఇంత తడి పైనే అందుతుంటే దానికి కిందికి దిగాల్సిన అవసరమేముంది? పైన పటారం, లోన లొటారం.”

మాటలు చెవిన పడుతున్నా చిట్టెమ్మ చూపంతా కిందే ఉంది. లేచిన గడ్డి కింద సొరంగం ఉంది. రాత్రిళ్లు పచ్చిక అంచున పొదచాటునుంచి మొదలుపెట్టి, సరిగ్గా పిల్లలు పడుకునే గదివైపు తవ్వారు. మట్టి నిండా నక్క గోళ్ల గాట్లు. మొన్నటిదాకా నేల రాయిలా ఉండబట్టి ఆ గోళ్లు దిగలేదు. ఇప్పుడు తనే సరేనని మెత్తబడేలా చేయించుకుంది.

“అయ్యో మావయ్యా, నా పిల్లల్ని నేనే వాడి నోటికి అందించబోయాను!” అని భోరుమంది.

“ఏడవకు. కొమ్ముతో ఒక్కటిచ్చి రానా?”

చిట్టెమ్మ కళ్లు తుడుచుకుంది. “వద్దు. ఇవాళ తంతే రేపు ఇంకో దారిన వస్తాడు. ఆ వేరు కిందికి దిగే ఉపాయం చూద్దాం. నీళ్లు వాడే మోస్తాడు. నువ్వు తొలకరిదాకా ఇక్కడే పడుకో మావయ్యా.”

“మరి మేత?”

“గడ్డి కొసలు కొరుక్కో. మొదలంటా కొరికావో, పెద్దవాడివని కూడా చూడను!”

ఇద్దరూ సొరంగం పూడ్చి, నేల తొక్కి గట్టిపరిచారు. మధ్యాహ్నం జంబయ్య వచ్చి, వాకిట్లో ఎద్దును చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

“మావయ్య తొలకరిదాకా ఇక్కడే ఉంటాడన్నయ్యా,” అంది చిట్టెమ్మ తియ్యగా. “అన్నట్టు, నీ జల్లు చూసి ఆ ముంగిస నవ్విపోతోంది. నీళ్లు పోస్తున్నాడా, పన్నీరు చల్లుతున్నాడా అంటూ. వారానికోసారి చాలు గానీ, తెల్లవారుజామునే వచ్చి జానెడు లోతు నానేలా పొయ్యి.”

జానెడు లోతు బురద! జంబయ్యకు నోట్లో నీళ్లూరాయి. ఎద్దు ఎప్పటికైనా దుక్కికి పోవలసిందే కదా.

“చెల్లెమ్మ మాట కాదంటానా!” అని బుర్ర చిల్లులు బంకమట్టితో మూసేశాడు.

ఇక చూడాలి జంబయ్య అవస్థ. వాగుకూ వాకిలికీ మధ్య తిరిగి తిరిగి నడుము పడిపోయింది. మధ్య రోజుల్లో పైనేల ఆరిపోయేది. తడి కోసం గరిక వేళ్లు కిందికి దిగాయి. పక్కకు పాకాయి, ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. ఆ సంగతి జంబయ్యకేం తెలుసు? గడ్డి పీకి ఏనాడు చూశాడు గనక!

తొలకరి పడింది. ముత్తయ్య దుక్కికి వెళ్లాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో జంబయ్య బుర్ర అవతల పారేసి, రెండు పంజాలూ నేలలోకి దించాడు. దిగాయి. ఆ తర్వాత కదలవే! వేళ్లు వలలా పట్టేశాయి. ఒకటి గుంజితే రెండోది బిగుసుకుంది. గోరు విరిగి కుయ్యోమన్నాడు.

“ఎవరదీ? జంబయ్యన్నా? ఇవాళ నీళ్ల రోజు కాదే!” లోపలినుంచి చిట్టెమ్మ కేకేసింది.

“గడ్డి... గడ్డి ఎలా ఉందో చూద్దామని చెల్లెమ్మా.”

“ఎలా ఉందేంటి?”

“గట్టిగా ఉందమ్మా,” అన్నాడు జంబయ్య ఏడుపు గొంతుతో.

“ఉండదూ మరి! అన్నీ నువ్వు పోసిన నీళ్లేగా.”

ఆ కేకలకు బయటికొచ్చిన ముంగిస పొట్ట పట్టుకుని నవ్వింది. వాడలోని వాళ్లంతా వచ్చి నవ్వారు. జంబయ్య ఎలాగో పంజాలు ఊడబెరుక్కుని, కుంటుకుంటూ కొండ దాటి పోయాడు.

పచ్చికకైనా బతుక్కైనా వేరు దిగాకే బలం.