పిలవకుండా తిన్న పనసపండు

అనగనగా ఏటి పక్కన ఒక అడవి ఉండేది. అందులో జంతువులన్నీ మాట్లాడేవి. అవసరమైన దానికంటే ఎక్కువే మాట్లాడేవి.

ఆ అడవికి రెండు కట్టుబాట్లు. మాటాడే ప్రాణిని మాటాడే ప్రాణి తినకూడదు. ఎవరికి ఏ తిండి దొరికినా, నోట పెట్టుకునే ముందు "తినని వాళ్ళున్నారా?" అని మూడుసార్లు కేక వేయాలి. వచ్చిన వాళ్ళకు పంచాలి. తప్పిన వాళ్ళెవరూ లేరు. కాకపోతే ఎలుగుబంటి బంగారయ్య మూడు కేకలూ ఒకే ఊపిరిలో వేసేసేవాడు. అడవిపంది కొండలు మూడో కేక నోటినిండా దుంప పెట్టుకుని వేసేవాడు. సరే, కేకంటే కేకే.

పునుగుపిల్లి నూకాలుకు కట్టుబాట్లంటే ప్రాణం. ఎవరు ఎలా తప్పుతున్నారో చెప్పుకోవడానికి పనికొస్తాయి కదా! తిండి లేకపోయినా నూకాలు ఉండగలదు. కబుర్లు లేకపోతే ఉండలేదు. ఆ కబుర్లన్నీ వినేది పక్క బొరియలోని ఎలుక పోలమ్మ. వరస కలుపుకుని "అత్తా" అని పిలిచేది.

ఒక ఏడాది వారం రోజులు ఆగకుండా వాన పడింది. ఎనిమిదో రోజు ఏరు అడవిలోకి వచ్చేసింది. ఎలుగు, పంది, నూకాలు, పోలమ్మ, ఈ నలుగురే ఒక దిబ్బ ఎక్కి బతికారు. చుట్టూ ఎర్రటి బురదనీళ్ళు. నీళ్ళ మీద పొగమంచు. ఒక్క పిట్ట కూత లేదు. తెలిసిన వాళ్ళే వెల్లకిలా తేలుతూ దిబ్బ పక్కనుంచి పోతున్నారు.

"అదిగో, జింక రత్తాలు. ఇప్పుడు కూడా మెడ ఎత్తే ఉంది చూడు" అంది నూకాలు.

"ఊరుకో అత్తా" అంది పోలమ్మ. తరవాత ఇద్దరూ ఏడ్చారు.

దిబ్బ మీద మొదటి రోజు ఒక దుంగ కొట్టుకొచ్చింది. దాని తొర్రలో తేనెపట్టు ఉంది. బంగారయ్య అటూ ఇటూ చూశాడు. కేక వేయలేదు. వీపు తిప్పి మొత్తం తినేశాడు.

"మామా, తేనె వాసన వస్తోందేం?" అని అడిగింది పోలమ్మ.

బంగారయ్య నోరు తెరిచాడు. "గుర్ర్" అన్నాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ "గుర్ర్". అది కోపం కాదు. పోగొట్టుకున్న వస్తువును వెతుక్కుంటున్నట్టు కళ్ళు కదిలించాడు. సాయంత్రానికి ఆ వెతుకులాట కూడా ఆగిపోయింది. ఆ కళ్ళు వాళ్ళను చూస్తున్నాయి గానీ గుర్తుపట్టడం లేదు.

"తేనె తింటే గొంతు పట్టేస్తుందిలే" అంది నూకాలు.

రెండో రోజు కొండలు దిబ్బను తవ్వి అడవి దుంపలు తీశాడు. కేక వేయకుండా, పోలమ్మ తోక మీద కాలు వేసి మరీ తిన్నాడు. మూడో దుంప పూర్తికాకముందే మాట పోయింది. దుంపలకు గొంతు పట్టదని నూకాలుకు తెలుసు. ఇద్దరూ కేక వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మూడో రోజు పొద్దున్న ఒక పనసపండు వచ్చి నూకాలు ముందున్న పొదలో చిక్కుకుంది. ఒక పక్క పగిలి ఉంది. కమ్మటి వాసన. పోలమ్మ నాలుగడుగుల దూరంలో సోలిపోయి పడుకుంది.

కేక వేస్తే ఎలుగూ పందీ వస్తాయి. పండు మిగలదు. తనూ మిగలకపోవచ్చు. కేక వేయకపోతే మాట పోతుంది. నూకాలు చాలాసేపు ఆలోచించింది. చివరికి ఒక ఉపాయం తోచింది. ఎంత గట్టిగా పిలవాలో కట్టుబాటులో ఎవరూ చెప్పలేదు కదా!

"తినని వాళ్ళున్నారా" అని తన మీసాలకు కూడా వినబడనంత మెల్లగా మూడుసార్లు అంది. "ఎవరూ లేరు కాబోలు" అని తనకు తనే జవాబు చెప్పుకుని తినడం మొదలుపెట్టింది.

నవ్వకండి పిల్లలూ. మొన్న కరెంటు పోయినప్పుడు ఒక్క విసనకర్ర కోసం మీ ఇద్దరూ ఎలా జుట్లు పట్టుకున్నారో నేను చూశాను. నూకాలుకు మూడు రోజుల ఆకలి.

సగం పండు తిన్నాక కడుపుతో పాటు బుద్ధి కూడా కుదుటపడింది. అప్పుడు పోలమ్మ గుర్తొచ్చింది. "లేవే కోడలా, తిందువు గాని" అందామని నోరు తెరిచింది.

"కిర్ర్" అంది.

పోలమ్మ కళ్ళు తెరిచింది. సగం పండు చూసింది. నూకాలు మూతి చూసింది.

"అత్తా... నువ్వు కూడానా?"

నూకాలు మిగిలిన పండును పంజాతో ముందుకు తోసింది. పోలమ్మకు పండు కనబడలేదు. గోళ్ళు కనబడ్డాయి. ఒకడుగు వెనక్కి వేసింది.

మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. దిబ్బకు రెండు పక్కలా దారి తేలింది. ఎలుగూ పందీ ఒకరినొకరు చూసుకోకుండా దిగిపోయాయి. పోలమ్మ మాత్రం దూరంగా నిలబడి ఉంది.

"మన బొరియల దారి ఒకటే అత్తా. నీ వెనకే వస్తాను. నన్ను తినను అని ఒక్క మాట చెప్పు. చాలు."

ఛీ, అవేం మాటలే పిచ్చిదానా అని చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మాటలు చెప్పింది! నూకాలు గొంతు నరాలు ఉబ్బేలా ప్రయత్నించింది.

"కిర్ర్... కిర్ర్..."

పోలమ్మ చాలాసేపు ఎదురు చూసింది. తరవాత వెనక్కి వెనక్కి నడుస్తూ రెండో పక్కనుంచి దిగి, పొగమంచులో కలిసిపోయింది.

పేరు పెట్టి పిలవాలని నూకాలు మెడ చాచింది. ఆ పేరేమిటో ఎంతకీ తోచలేదు. ఎలుక వాసన మాత్రం వచ్చింది. చాలా దగ్గరగా వచ్చింది.

నీతి: వరద మన ఇల్లు ముంచుతుంది, కడుపు మాడుస్తుంది, పక్కవాళ్ళ ఆకలి మనకు పట్టని రోజున మనలోని మనిషిని కూడా పట్టుకుపోతుంది.