మాబున్ని లాగిన జట్కా

అనగనగా రైలు ఆగే ఒక ఊళ్ళో కాసిం అని ఒక జట్కావాడు ఉండేవాడు. అతని పెళ్ళాం పేరు మాబున్ని. ముందు నువ్వు దుప్పటి తన్నడం ఆపు, లేకపోతే చెప్పను. ఆఁ, అలాగ.

వాళ్ళ ముసలి గుర్రం చచ్చిపోయింది. అప్పుడు కాసిం ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఒక పడుచు గుర్రాన్ని కొనుక్కొచ్చాడు. తెల్లగా, ముద్దుగా ఉంటుంది. చాందిని అని పేరు పెట్టారు. కానీ బండికి కడితే, అబ్బబ్బ, దాని తిక్క చెప్పతరం కాదు!

జట్కావాళ్ళకి ఒక అలవాటుంది నాన్నా. గుర్రం అటూ ఇటూ చూసి బెదరకుండా కళ్ళకి రెండు పక్కలా గంతలు కడతారు. కాసిం కూడా కట్టాడు. బండి కదిలి చక్రాలు గడగడమన్నాయో లేదో, చాందిని చెంగున లేచింది. కాసిం కొరడా ఝళిపించాడు. అది బండిని తీసుకెళ్ళి మురుక్కాలవలో పడేసింది.

ఆ తర్వాత పొగరు అణగాలని మేత తగ్గించాడు. అది కాసిం భుజం కొరికింది. ఆ తర్వాత బండినిండా రాళ్ళేసి లాగమన్నాడు. అది నడివీధిలో చతికిలబడింది.

"ఇక నావల్ల కాదు. సంతనాడు ఈరన్నకి ఇచ్చేస్తా" అన్నాడు కాసిం. ఈరన్న గుర్రాల బేరగాడు. ఇలాంటి వాటిని ఇటుకబట్టీలకి తోలుతాడు. అక్కడ బరువులు మోసీ మోసీ పాపం నడుములు విరిగిపోతాయి. మాబున్నికి గుండె గుభేలుమంది. ఏడుపొచ్చింది కూడాను.

చాందిని గంతలు విప్పి, ఉలవలు పెట్టింది. అప్పుడే వీధిలో ఒక తోపుడుబండి గడగడా పోయింది. చాందిని తల తిప్పి చూసింది. బండేలే అనుకుని మళ్ళీ మేతలో పడింది.

మాబున్ని నోరు నొక్కుకుంది. "అయ్యో నా తల్లీ! వెనకాల తరుముకొచ్చేది ఏమిటో కనబడకే కదే నీకింత భయం!"

అప్పుడు ఏం చేసిందనుకున్నావ్? జట్కా వెనకవైపు ఉలవలు పోసి, గుర్రాన్ని కట్టే నొగలు తనే పట్టుకుని లాక్కుంటూ పోయింది! చాందిని దూరంగా నిలబడి చూసింది. ఆ తర్వాత మెల్లగా వెంటపడి, బండిలో మూతి పెట్టి తింటూ నడిచింది. వీధివీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కాసిం సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "నవ్వుకోనీలేవయ్యా" అంది మాబున్ని.

మర్నాడు చాందిని బండి పక్కన నడిచింది. ఆ తర్వాత ఉత్త నొగల మధ్య నిలబడడం నేర్చింది. ఇంకా బండి మాత్రం లాగలేదు. ఇంతలో సంతరోజు రానే వచ్చింది, పలుపుతాడు పట్టుకుని ఈరన్నా వచ్చాడు.

"ఒక్కసారి చూడనీ అన్నా" అని బతిమాలి, మాబున్ని గంతలు లేకుండానే బండి కట్టింది. కాసింని ఎక్కమంది. అతను బండి అంచు గట్టిగా పట్టుకుని ఎక్కాడు. మాబున్ని కళ్ళెం వదిలేసి పక్కన నిలబడి, "పద తల్లీ" అంది.

చక్రాలు గడగడమన్నాయి. చాందిని ఠక్కున ఆగింది. అది తల వెనక్కి తిప్పి, బండిని ఎగాదిగా చూసి, ఓస్ నువ్వేనా అన్నట్టు ముక్కు చీది, టకటకా నడిచింది!

కాసిం బండి మీదే కూర్చుని భోరుమన్నాడు. "దాన్ని భయపెట్టింది నేనే, కొట్టిందీ నేనే మాబూ!" మాబున్నికి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

ఈరన్న తాడు చుట్టుకుంటూ, "మరి నన్ను ఉత్తచేతుల్తో పొమ్మంటారా?" అన్నాడు.

"ఎండలో నడిచి ఎందుకన్నా, ఎక్కు, సంత దాకా దింపుతాం" అంది మాబున్ని. చాందినిని తోలుకుపోవడానికొచ్చిన ఈరన్న, చాందిని లాగిన బండిలోనే తిరిగిపోయాడు.

కథేమో జట్కా ఎక్కి కంచికి పోయె, కన్నయ్యేమో కళ్ళు మూసి నిద్దరపోయె!