వరహాలమ్మ అచ్చువేసిన పన్నెండు పట్టాలు

పూర్వం ఒక పెద్ద ఏటి ఒడ్డున వెన్నెలకోట అనే రాజ్యం ఉండేది. ఆ కోటలో రాజుగారి ముద్రణశాల, ముద్రణశాలలో ఒకే ఒక్క లేజర్ ప్రింటరు ఉండేవి. దాన్ని నడిపే ఆవిడ పేరు వరహాలమ్మ. మాట తక్కువ, పని ఎక్కువ.

ఒక ఏడాది ఏటికి కనీవినీ ఎరుగని వరద వచ్చింది. పన్నెండుమంది పడవవాళ్లు ప్రాణాలకు తెగించి ఊళ్లకు ఊళ్లనే గట్టెక్కించారు. కానీ తిరిగొచ్చేసరికి వాళ్ల ఇళ్లే కొట్టుకుపోయాయి.

రాజు ధర్మకేతుడు వాళ్లను సభకు పిలిపించి, "మీకు మెరక మీద తలా ఒక ఇంటిస్థలం ఇస్తున్నాను. పట్టాలు ఈరోజే, ఈ సభలోనే నా చేతులతో ఇస్తాను. మీ మనవల కాలానికి కూడా వాటిమీద అక్షరం చెదరకూడదు" అన్నాడు. ప్రింటరును సభకు తెప్పించాడు.

అంతలో వర్తకుడు గుణశేఖరుడు అద్దంలా తళతళలాడే కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. "ప్రభూ! రాజపత్రమంటే ఇలా మెరవాలి!"

వరహాలమ్మ కట్టమీది రాతలు చదివింది.

"మహారాజా, ఇది సిరా చల్లే యంత్రాల కోసం చేసిన కాగితం. మన యంత్రం సిరాకు బదులు నల్లటి పొడిని వేడితో కాగితానికి అంటిస్తుంది. ఆ వేడికి ఈ మెరుగు కరిగిపోతుంది."

"నువ్వా నాకు కాగితం సంగతి చెప్పేది?" అన్నాడు వర్తకుడు.

రాజు కళ్లు ఆ మెరుపు మీదే ఉన్నాయి. "వెయ్యి" అన్నాడు.

"అయితే ఒక్కటే వేస్తాను ప్రభూ" అంది వరహాలమ్మ.

కాగితం లోపలికి వెళ్లింది. కమురు వాసన వచ్చింది. యంత్రం ఆగిపోయింది. వరహాలమ్మ దాన్ని చల్లారనిచ్చి, మూత తెరిచి, వేడి రోలరుకు అతుక్కున్న కాగితాన్ని చిరగకుండా మెల్లగా లాగింది. ఒక్కటే వేసింది కాబట్టి యంత్రం బతికింది.

అప్పుడు ఆస్థాన చిత్రకారుడు మకరందుడు ముందుకొచ్చాడు. అతని చేతిలో పూరేకులు పొదిగిన చేతికాగితం ఉంది.

"అయ్యా, చాలా అందంగా ఉంది. కలంతో రాయడానికి దీన్ని మించింది లేదు. కానీ ఈ గరుకు మీద పొడి సరిగా అంటదు" అంది వరహాలమ్మ.

"మందంగా ఉంది కదా, చాలదూ?" అన్నాడు చిత్రకారుడు.

రాజు దాన్నీ వెయ్యమన్నాడు. ఈసారి పట్టా చక్కగా బయటికొచ్చింది. సభంతా చప్పట్లు కొట్టింది. రాజు మురిసిపోయి అక్షరాలను బొటనవేలితో నిమిరాడు. పొడి రాలింది. పడవవాళ్ల పెద్ద పోలయ్య పేరులో సగం పోయింది.

ఆ ముసలాయన చేతులు జోడించాడు. "మారాజా, నా పేరే రాలిపోయింది. రేపు ఆ స్థలం నాదంటే ఎవరు నమ్ముతారు?"

ఆ మాట వరహాలమ్మ మనసును కలుక్కుమనిపించింది. "ప్రభూ, నాకొక అవకాశం ఇవ్వండి" అంది.

ఆమె తెచ్చిన కాగితానికి తళుకూ లేదు, పూరేకులూ లేవు. మందంగా, నున్నగా ఉంది. కట్టమీద 'లేజర్ ప్రింటరుకు' అని ఉంది. ఒకటి వేసింది. అది ముడతలు పడి వచ్చింది!

వర్తకుడు పకపకా నవ్వాడు. "చూశారా ప్రభూ! యంత్రంలోనే లోపం ఉంది."

అవునంటే చాలు, నింద యంత్రం మీదికి పోతుంది. వరహాలమ్మ తలదించుకుంది, కానీ అబద్ధమాడలేదు.

"యంత్రం మంచిదే. తప్పు నాది. ఇన్ని వానల్లో ఈ కట్టను విప్పి వదిలేశాను. చెమ్మ పట్టింది. విప్పని కట్ట ఇంకొకటి ఉంది, సెలవిప్పించండి."

రాజు ఆమెను తేరిపార చూశాడు. "తన తప్పు తానే చెప్పుకున్న మనిషిని నమ్మవచ్చు. కానివ్వమ్మా!"

వరహాలమ్మ కొత్త కట్ట విప్పింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకోకుండా విసనకర్రలా విప్పి సర్దింది. యంత్రంలో 'మందపు కాగితం' అన్న మీట నొక్కింది. కాగితం వంగకుండా తిన్నగా బయటికి రావడానికి వెనక తలుపు తెరిచింది. ఒక్కొక్కటే చేత్తో అందించింది. యంత్రం నింపాదిగా, గట్టిగా అచ్చువేసింది.

ఒకటి. రెండు. మూడు. పన్నెండూ వచ్చాయి!

రాజు వేలితో రుద్దాడు. పొడి రాలలేదు. గోటితో గీరాడు. అక్షరం లేవలేదు. తడిచేత్తో అద్దాడు. పేరు చెదరలేదు.

పోలయ్య పట్టాను గుండెలకు హత్తుకున్నాడు. పడవవాళ్లు కేరింతలు కొట్టారు. కోట బురుజు మీద నగారా మోగింది. రాజు సింహాసనం దిగి వచ్చి వరహాలమ్మకు శాలువా కప్పాడు. "ఇకనుంచి ఈ రాజ్యంలో ఏ పత్రం ఏ కాగితం మీద అచ్చుకావాలో చెప్పేది నువ్వే" అన్నాడు.

వర్తకుడు, చిత్రకారుడు సిగ్గుపడి ఆమె దగ్గరికి వచ్చారు. "నేర్పుతావా తల్లీ?" అని అడిగారు. వరహాలమ్మ నవ్వి, ముందుగా కట్టమీది రాతలు చదివించింది.

పిల్లలూ, మెరుపుకు మురిసిపోకుండా పనికి తగినదాన్ని పరీక్షించి ఎంచుకునేవారు, తమ తప్పును దాచకుండా దిద్దుకునేవారు ఎప్పటికైనా గెలుస్తారు.