బండి వెనక రాయి

నిర్ణయమంతా అయిపోయాక సలహా అడగడానికి వెళ్ళేవాణ్ణి ఏమంటారర్రా?

మనవలిద్దరిలో చిన్నది ఆలోచించకుండా "మా హెడ్మాస్టరు" అంది. నేనూ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే కాబట్టి ఆ మాట విననట్టు ఊరుకున్నాను. పెద్దవాడు మాత్రం కాసేపు గోడకేసి చూసి, వాడికి కావలసింది సలహా కాదు నానమ్మా, తోడు అన్నాడు.

సరిగ్గా చెప్పాడు. చెన్నకేశవ అలాగే వెళ్ళాడు, ఖలందర్ సాహెబు గారి దగ్గరికి.

సాహెబు గారు కొండ కింద ఊళ్ళో ఉండేవారు. కొండ మీద దర్గా. ఆయన సూఫీ గురువని ఎక్కడా బోర్డు లేదు. ఊరికంతా ఆయన కళాయి సాయిబు. కళాయి అంటే మీకు తెలియదు కదా. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, లోపల తగరం కరిగించి, దూదితో గిన్నె చుట్టూ ఒక్క తీరుగా పూస్తారు. అద్దంలా మెరుస్తుంది. ఆ పూత లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది. ఆ పనికి వేళ్ళు బాగా ఆడాలి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మచ్చ పడుతుంది.

చెన్నకేశవ ఆయన శిష్యుడు. తండ్రి పోయి, చదువు మానేసి, బస్టాండులో తిరుగుతున్న రోజుల్లో సాహెబు గారే పిలిచి కొలిమి తిత్తి లాగే పని ఇచ్చారు. మళ్ళీ కాలేజీ గడప తొక్కేదాకా వదల్లేదు. ఇంజనీరయ్యాక కూడా కేశవ ఏదైనా పెద్ద పని తలపెడితే గురువారం నాడు వచ్చి, ఆయన ముందు కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

ఆ కొండ మీదికి అప్పట్లో పాత జీపులే దిక్కు. మలుపు మలుపుకీ నల్లటి పొగ. దర్గా మెట్ల దగ్గర కూర్చునే ముసలివాళ్ళు దువా చేసేదానికన్నా దగ్గేదే ఎక్కువ. అది చూసే కేశవకు కరెంటు బండి ఆలోచన పుట్టింది. మూడు చక్రాల బండి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. డ్రైవరు కాక నలుగురు కూర్చోవచ్చు. ఇద్దరు స్నేహితుల్ని కలుపుకున్నాడు. బండి తయారీ అంతా వాగ్దేవి చూసుకునేది. లెక్కలు, పెట్టుబడులు భరణి చూసుకునేవాడు. కంపెనీకి పైరగాలి అని పేరు పెట్టారు.

డ్రైవర్లంతా ఆడవాళ్ళు. అంతకుముందు బండల ఫ్యాక్టరీల్లో రాళ్ళు నునుపు చేసినవాళ్ళు. అందరికన్నా ముందు వచ్చింది దస్తగిరమ్మ. రాతి దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఆ పని మానకపోతే బతకడం కష్టమని డాక్టరు చెప్పాడు. మానితే తినేదేమిటి అని ఆమె ఇంట్లో కూర్చుని ఏడుస్తుంటే, కేశవ గడపలో నిలబడి, బండి నేర్పుతాను రా అక్కా అన్నాడు. ఆమె వచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్ళు వచ్చారు.

తర్వాత పేరొచ్చింది. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటోలు పేపర్లలో పడ్డాయి. కింద 'నాయకత్వ బృందం' అని రాశారు. ఆఫీసు బెంగళూరుకు మారింది. పెట్టుబడి పెట్టేవాళ్ళు వచ్చారు, కొన్నాళ్ళు పొగిడారు, ఆ తర్వాత ఖర్చు తగ్గించమన్నారు.

ముగ్గురూ ఒక హోటల్లో కూర్చుని ఆలోచించారు. ఆఫీసు చిన్నదానికి మారుద్దామా అంటే పరువు పోతుంది. మన జీతాలు తగ్గించుకుందామా అంటే కంపెనీ పని అయిపోయిందని బయట పుకారు పుడుతుంది. ఇలా ఒక్కోటీ పక్కన పెట్టుకుంటూ పోగా, చివరికి కొండ దారి డ్రైవర్లు మిగిలారు. వాళ్ళను తీసేసి, బండ్లను ఎవరికైనా కాంట్రాక్టుకు ఇస్తే సరిపోతుందని తేలింది. కాంట్రాక్టరు తన మనుషుల్ని తను తెచ్చుకుంటాడు.

ఇంత అయ్యాక కేశవకు గురువు గుర్తొచ్చాడు.

ముగ్గురూ కారులో వచ్చారు. సాహెబు గారు కొలిమి ముందు ఉన్నారు. కేశవ కాళ్ళకు దండం పెట్టి, కంపెనీ మునిగేలా ఉంది స్వామీ, బరువు తగ్గకపోతే అందరం పోతాం, ఎవరిని వదులుకోవాలో మీరే చెప్పండి అన్నాడు.

ఆయన గిన్నె మీంచి చూపు తిప్పకుండా, "మీరు అనుకొని వచ్చిందేంది?" అన్నారు.

కేశవ నసిగాడు. భరణి నసగలేదు. డ్రైవర్ల సంగతి చెప్పేసి, ఆ ఆడవాళ్ళకు మీ మాట మీద గురి, మీ నోటితో ఒక్కసారి చెబితే గొడవ లేకుండా వెళ్ళిపోతారు అన్నాడు.

సాహెబు గారు ఆ గిన్నె పూర్తి చేశారు. నీళ్ళలో ముంచి, ఎండకు పట్టి చూసి, పక్కన పెట్టారు. దర్గా కాడికి పోయినాక చెబుతాను, పదండి అన్నారు. వాగ్దేవి కారు తలుపు తీసింది. ఆయన ఆ వైపు చూడలేదు.

"మీ బండ్లో పోదాం" అన్నారు.

స్టాండులో దస్తగిరమ్మ బండే ముందుంది. కంపెనీ పెద్దలు ముగ్గురూ తన బండి ఎక్కుతున్నారని ఆమెకు సంతోషం. కొంగుతో సీటు తుడిచింది. పొద్దుటి నుంచి తిరుగుతోంది, చార్జింగు తక్కువుంది, కాసేపు ఆగి పోదామా అని అడిగింది. బెంగళూరులో విమానం వేళ దాటిపోతుందని భరణి తొందరపెట్టాడు. నలుగురూ ఎక్కారు.

కింది మలుపులు బాగానే ఎక్కింది. పెద్ద ఎత్తు మొదలయ్యే చోట బండి మూలగడం మొదలుపెట్టింది. సాహెబు గారు దస్తగిరమ్మ భుజం తట్టి ఆపించి, దిగారు. పెద్దాయన కదా, ఏదో అవసరమై దిగారనుకున్నారు. ఆయన రోడ్డు పక్కన వెతికి, రెండు చేతులా పట్టేంత రాయి ఒకటి తీసుకుని, ఇక పోనీయమ్మా అన్నారు. చక్రం వెనకే నడవసాగారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఎడ్లబండ్ల కాలంలో బరువు బండి కొండ ఎక్కుతుంటే, ఒకరు ఇలాగే రాయి పట్టుకుని వెనక నడిచేవారు. ఎద్దులు ఆయాసపడి నిలిస్తే బండి వెనక్కి జారుతుంది. జారకముందే చక్రం కింద రాయి పడాలి. ఆ ఊళ్ళో ఆ పని కుర్రవాళ్ళకు ఇచ్చేవారు కాదు. బండిలో ఉన్న అందరిలోకీ పెద్దవాడు దిగి పట్టుకునేవాడు.

ముగ్గురికీ ఇదేమీ తెలియదు. మీ గురువుగారికి మన బండి కన్నా రాయి మీద నమ్మకం ఎక్కువలా ఉంది అని భరణి అన్నాడు. వాగ్దేవి నవ్వింది. కేశవ కూడా నవ్వాడు.

పది గజాలు పోయి బండి నిలిచిపోయింది.

దస్తగిరమ్మ బ్రేకు తొక్కి పట్టి వెనక్కి తిరిగింది. "ఒక్కరు దిగండి సార్. అంతే, ఎక్కేస్తాది" అంది.

ఒక్కరు దిగాలి. ఎవరు? వాగ్దేవి ఫోను తీసింది. నలుగురి బరువుకు సరిపోయే మోటారే పెట్టాను, లాగాలి మరి, ఎందుకు లాగడం లేదో చూడాలి అంటూ అంకెలు చూడటం మొదలుపెట్టింది. భరణికి ఉన్నట్టుండి మోకాలి నొప్పి గుర్తొచ్చింది. కేశవ వాళ్ళిద్దరిలో ఎవరైనా కదులుతారేమోనని చూశాడు. ముందు తను దిగితే ఆ ఇద్దరి దగ్గరా తక్కువైపోతానని అతని భయం.

చివరికి భరణికే ఉపాయం తోచింది. డ్రైవరమ్మ దిగి వెనక నుంచి నెట్టాలి. హ్యాండిలు పట్టుకోవడానికేముంది, అది తను పట్టుకుంటాడు. ఒక మనిషి బరువూ తగ్గుతుంది, ఒక మనిషి బలమూ కలుస్తుంది.

దస్తగిరమ్మ భరణి వైపు చూడలేదు. కేశవ వైపు చూసింది.

"ఏం తమ్ముడూ, దిగమంటావా?"

కేశవ తల ఊపాడు.

ఆమె దిగింది. బండి వెనక్కి పోయి, కొంగు నడుముకు దోపి, రెండు చేతులూ ఆనించింది. సాహెబు గారు ఆమెను చూశారు, ఖాళీ అయిన డ్రైవరు సీటులోకి జరుగుతున్న భరణిని చూశారు. చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు.

భరణి బ్రేకు వదిలాడు. బండి ముందుకు పోలేదు.

వెనక దస్తగిరమ్మ. ఆమె వెనక మలుపు. మలుపు అవతల లోయ. బండి ఆమె చేతుల్ని మడిచేసి రొమ్ము మీదికి వస్తుండగా, చక్రం సాహెబు గారు తోసిన రాయికి తగిలి, ఒక్క కుదుపుతో ఆగింది.

రాయి కింద సాహెబు గారి కుడిచేతి వేళ్ళు రెండు ఉండిపోయాయి.

అప్పుడు దిగారు ముగ్గురూ. ఒకరిమీద ఒకరు పడి మరీ దిగారు. బండి తేలికైంది. పక్కకు జరిపి చెయ్యి తీశారు. దస్తగిరమ్మ కొంగు చింపి కట్టు కట్టింది. కట్టు కడుతున్నంతసేపూ ఆమెకు దగ్గు ఆగలేదు.

కేశవ గురువు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏం అడగాలో తెలియక, మా బండి మీద నమ్మకం లేకనేనా స్వామీ రాయి పట్టుకున్నారు అని అడిగాడు.

"బండి మంచిదే నాయనా" అన్నారు సాహెబు గారు. "ఎక్కినోళ్ళు దిగరని పట్టుకున్నా."

కథ ఇక్కడ ఆగితే బాగుండేదని నాకూ ఉంటుంది. కేశవ ఆ రాత్రే మనసు మార్చుకున్నాడు, అందరి ఉద్యోగాలూ నిలిచాయి అని చెబితే మీరు హాయిగా లేచి పోతారు. అలా జరగలేదు.

బెంగళూరులో మళ్ళీ సమావేశం పెట్టుకున్నారు. కొండ దారిలో ప్రమాదం జరిగిందని, నడిరోడ్డు మీద డ్రైవరు సీటు వదిలి దిగిపోవడమే దానికి కారణమని భరణి చెప్పాడు. అందులో అబద్ధం ఎక్కడుంది, దిగింది కదా. వాగ్దేవి మోటారు తప్పు లేదని రుజువు చూపించింది. అదీ నిజమే. కేశవ ఆ గదిలోనే ఉన్నాడు. నోరు తెరవలేదు. డ్రైవర్లందరినీ తీసేశారు. గొడవేమీ జరగలేదు, ఎవరూ వెళ్ళి చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఫోనుల్లో మెసేజీలు వచ్చాయి. దస్తగిరమ్మ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంది. తర్వాత మళ్ళీ బండల ఫ్యాక్టరీకే పోయింది.

ఆ సంగతి తెలిశాక కేశవకు నిద్ర పట్టలేదు. కొన్ని నెలలు అలా గడిపి, ఒక రోజు రాజీనామా చేశాడు. ఎందుకు చేశాడో చెబుతూ పేపరులో బాగా రాశాడు. అది చదివి చాలామంది మెచ్చుకున్నారు. ఈ రోజుల్లో పదవి వదిలేవాళ్ళు ఎక్కడున్నారు అన్నారు.

గురువారం చూసుకుని కొండ కింద ఊరికి వచ్చాడు. కారు లేదు. బస్సు దిగి ఎండలో నడిచే వచ్చాడు.

సాహెబు గారు అరుగు మీద ఉన్నారు. కొలిమిలో నిప్పు లేదు. కుడిచేతి వేళ్ళు రెండు వంగడం మానేశాక కళాయి పని సాగలేదు. గిన్నెలు తెచ్చేవాళ్ళూ మానేశారు. కేశవను చూసి ఆయన పక్కకు జరిగి చోటిచ్చారు.

కేశవ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. అంతా వదిలేశాను స్వామీ, జీతం, ఆఫీసు, కారు, ఏదీ ఉంచుకోలేదు, నేనూ దిగిపోయి వచ్చాను అన్నాడు. ఇన్నాళ్ళకు గురువు ముందు తలెత్తుకుని నిలబడ్డానని అనుకున్నాడు పాపం.

సాహెబు గారు ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు నొక్కుకుంటూ అతని ముఖంలోకి చూశారు.

"ఆ అమ్మి దిగకముందా, దిగినాకనా?" అన్నారు.

చిన్నది నా ముఖంలోకే చూస్తోంది. పెద్దవాడు ఆగలేక, మరి కేశవ ఏమన్నాడు నానమ్మా అని అడిగాడు.

అది నువ్వే చెప్పరా. లేవండిక. మిద్దె మీద వడియాలు సగమే పెట్టి వచ్చాను, ఎండ పోతే మిగిలిన పిండి పులిసిపోతుంది.