జత లేని కొండోజు

అనగా అనగా, ఒక కొండకు ఇంకా పేరు పుట్టని కాలాన, దాని పాదాన ఒక పల్లె. ఆ పల్లెలో కొండోజు అనే వడ్రంగి. చేతుల్లో వజ్రబలం. కాళ్లలో పుట్టుకతోనే చలనం లేదు.

కోతలు ముగిశాక ఆ పల్లెలో పరుగుపందెం జరిగేది. మైదానం చివరి రాతిగుండును చుట్టి తిరిగి రావాలి. ఒంటిగా పరుగెత్తరాదు, పడితే లేపేందుకు జత ఉండాలన్నది పెద్దల కట్టడి. పరుగు మొదలయ్యే గీత దగ్గర ఊరిపెద్ద ప్రతివానినీ అడిగేవాడు: "నీ జత ఎవరు?"

కొండోజు మనసంతా ఆ పరుగు మీదే. చేతులతో చక్రాలు తిప్పుకుంటూ సాగే బండి చేసుకొని, మొదటి ఏట గీత దగ్గరికి వచ్చాడు. నీ జత ఎవరని పెద్ద అడిగాడు. వీడితో పోతే వెనకపడతామన్నారు అందరూ. జనం ఇళ్లకు మళ్లాక ఒక్కడే బండి తోలాడు. గుండు మలుపులో బోల్తాపడ్డాడు. లేపేవారు లేరు.

రెండవ ఏట తేలికైన బండి చేశాడు. నీ జత ఎవరని పెద్ద అడిగాడు. వీడు పడితే లేపుతూ కూర్చోవాలన్నారు. ఒక్కడే తోలాడు. అదే మలుపులో మళ్లీ దుమ్ము కరిచాడు.

ఒకనాడు మల్లులు కుస్తీకి నిలవడం చూశాడు. కాళ్లు ఎడం చేసి నిలిచినవాణ్ణి పడదోయడం కష్టం. ఇంటికి వెళ్లి చక్రాలను పైన దగ్గరగా, కింద ఎడంగా వాల్చి బిగించాడు.

కమ్మరి వీరోజు చూసి నవ్వాడు. "నీ కాళ్లే అనుకున్నాంరా. నీ బండి కాళ్లూ వంకరేనా?"

"వంకర కాదు మామా. కాళ్లు ఎడం చేసి నిలబడింది. నాకు రాని విద్య దానికి నేర్పాను."

ఆ బండి సుడిగాలిలా మళ్లడం ఊరంతా చూసింది. మూడవ ఏట నీ జత ఎవరని పెద్ద అడిగాడు. వీడితో పోతే మనల్ని వెనక వదిలేస్తాడన్నారు.

జనం మళ్లాక ఒక్కడే తోలాడు. గుండు చుట్టాడు. పడలేదు. గీత దాటి వెనక్కి చూశాడు. దుమ్ము అణిగేదాకా అక్కడే ఉన్నాడు.

మరెన్నడూ పందేనికి రాలేదు. ఒంటిగానే కాలం చేశాడు.

కొన్నేళ్లకు పరవూరి నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడొకడు గీత మీద నిలిచాడు. ఊళ్లో అతనికి స్నేహితులు లేరు. అదే పెద్ద, ముసలివాడై, అడిగాడు: "నీ జత ఎవరు?"

"కొండోజు. మీ ఊళ్లో ఇంకా జత కుదరనివాడు ఆయనొక్కడేనట కదా."

జనం నవ్వారు. పెద్ద నవ్వలేదు.

"కాస్త పక్కకు జరుగు నాయనా," అన్నాడు. "ఆయన బండికి చోటు కావాలి."

నేటికీ ఆ పల్లెలో తోడు దొరకనివారు గీత మీద కొండోజు పేరే చెబుతారు. పక్కన బండి పట్టేంత చోటు విడుస్తారు. ఎంత తోపులాటైనా ఆ చోట ఎవరూ కాలు మోపరు.